ఇనుప చేలో అలలు

గుంటూరు,
కార్తీక మాసం.

చిరంజీవులు అనన్యకు, హర్షకు తాతయ్య ఆశీస్సులు.

"అయస్కాంతం అతివాహకానికి శత్రువని మా సార్ చెప్పారు, మరి ఇనుముతో అతివాహకం ఎలా తయారైంది తాతయ్యా?" అని హర్ష అడిగితే, దీపావళి నాటి టపాకాయల మోతలో జవాబు చెప్పలేకపోయాను. ఇనుముతో ఈ పని కాదని శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం నీలాగే అనుకున్నారు. 1911లో డచ్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఆన్స్ మైనస్ 269 డిగ్రీల చలిలో పాదరసం గుండా విద్యుత్తు ఏ అడ్డూ లేకుండా సాగిపోవడం చూశాడు; అదే అతివాహకత. ఇనుము వంతు 2008లో గట్టిగా వచ్చింది. జపాన్‌లో హిదెయో హొసోనో బృందం లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ కలిసిన పదార్థానికి కాస్త ఫ్లోరిన్ చేరిస్తే, అది మైనస్ 247 డిగ్రీల దగ్గరే అతివాహకమైంది. వారు మొదట వెతుకుతున్నది పారదర్శకమైన అర్ధవాహకాల (సెమీకండక్టర్ల) కోసం. దారిలో ఎదురైన వింతను మన పని కాదని వదిలెయ్యలేదు. తప్పిన లెక్కను వెంటనే రబ్బరుతో తుడిచెయ్యొద్దని నేను మిమ్మల్ని పోరేది కూడా అందుకే.

ఇప్పుడు వరిచేను తలుచుకోండి. ప్రతి ఇనుప పరమాణువూ ఒక చిన్న అయస్కాంతమే, అదే స్పిన్. బేరియం, ఇనుము, ఆర్సెనిక్ కలిసిన స్ఫటికాన్ని సుమారు మైనస్ 133 డిగ్రీలకు చల్లబరిస్తే, ఒక వరుసలోని స్పిన్‌లన్నీ ఒక వైపుకు, పక్క వరుసలోనివి ఎదురు వైపుకు తలలు తిప్పి చాళ్లు చాళ్లుగా నిలుస్తాయి. అలా బిగుసుకున్న చేలో సాధారణంగా అతివాహకత పుట్టదు. పొటాషియం వంటి మూలకం కలిపి ఆ బిగువు సడలిస్తే చాళ్లు చెదురుతాయి, కానీ అల మిగులుతుంది: మొక్క ఉన్నచోటే ఉండి ఊగుతుంది, ఊపు మాత్రం గట్టు దాకా పోతుంది.

నా చిన్నప్పుడు మా చేలో నీటికోళ్లు పరుగెత్తేవి. పిట్ట కనబడేది కాదు, వెన్నులు మాత్రం గీత గీసినట్టు కదిలేవి. ఆ కదలిక వెంటే రెండోది వచ్చేది. అతివాహకంలో విద్యుత్తును అడ్డు లేకుండా మోసేది ఎలక్ట్రాన్ల జతలే. ఆ ఎలక్ట్రాన్లు కూడా ఇలాగే అల ఆధారంగా జతకడతాయని, సీసం వంటి అతివాహకంలో ఆ అల పరమాణువుల కంపనమైతే ఇనుప పదార్థాల్లో అది స్పిన్‌ల అల అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. నీటికోళ్ల పోలిక ఇక్కడ కొంత కుంటుతుంది. ఎలక్ట్రాన్లు ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తవు.

కంటికి కనబడని ఊపు ఉందని ఎలా తెలిసింది? వడిసెలతో రాయి విసిరినట్టు స్ఫటికం మీదకు న్యూట్రాన్లను పంపుతారు. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు, కానీ అదీ ఒక బుల్లి అయస్కాంతమే; అలను లేపితే ఆ మేరకు తన శక్తిని పోగొట్టుకుని బయటపడుతుంది. (నా వడిసెల రాయి ఒకసారి పక్క రైతు నీళ్ల కుండకు తగిలింది, మా నాన్న ఆ రోజంతా ఆయన కూలీలకు నాచేత నీళ్లు మోయించాడు.) ముంబైలోని మన ట్రాంబేలో 1985లో మొదలైన ధ్రువ అణు రియాక్టర్ నుంచీ ఇటువంటి ప్రయోగాలకు న్యూట్రాన్లు వస్తాయి. 2008లోనే ఒక ఇనుప పదార్థంలో కనబడిన సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: ఎలక్ట్రాన్లు జతకట్టగానే అల అణగిపోలేదు సరికదా, ఒకానొక శక్తి దగ్గర మరింత బలంగా లేచింది. అలవల్ల జతలు, జతలవల్ల అల! ఇంతకు మించి పోలికతో చెప్పడం నాకు చేతకాదు.

వచ్చే ఆదివారం నాన్నను తెనాలి వైపు తీసుకెళ్లమనండి. దుగ్గిరాల దాటాక కాలువ కట్ట మీద నిలబడి, గాలి ఆగేదాకా ఓపిక పట్టి, చేలో ఎక్కడైనా ఒక్క గీత కదులుతుందేమో చూడండి. ఏం కనబడిందో ఫోనులో చెప్పకుండా ఉత్తరం రాయండి.

మీ తాతయ్య