పట్టణ ప్రణాళిక వృత్తి: జీతాలు, అవకాశాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: టౌన్ ప్లానింగ్ అంటే ఇళ్లకు అనుమతులిచ్చే సీటు, జీతం తక్కువైనా పైరాబడికి లోటుండదు.

వాస్తవం: పెళ్లి సంబంధాలు చూసేవారు కూడా నన్ను పైరాబడి ఎంతనే అడిగారు. అనుమతుల పరిశీలన మా వృత్తిలో ఒక మూల మాత్రమే. పైగా తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ (భవన అనుమతుల ఆన్‌లైన్ విధానం) వచ్చాక 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కరలేదు, నమోదు చాలు. మాకు ఎక్కువ కాలం పట్టేది గ్రామ నక్షాను, అంటే సర్వే నంబర్ల పటాన్ని, ఉపగ్రహ చిత్రంపై సరిపెట్టడానికి. పట్టణంలో రోడ్లు, భూవినియోగం ఎలా ఉండాలో చెప్పే ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరాలు స్వీకరించే రోజున, ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకం తెరిచి, నేను గీసిన అరవై అడుగుల రోడ్డు కింద తన సర్వే నంబరును వేలితో చూపించినప్పుడు, ఆ గీతను సమర్థించుకోవడమో మార్చడమో నా వంతయింది. అదీ మా పని.

అపోహ: ప్లానర్లకు కొరత ఉంది కనుక డిగ్రీ రాగానే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: కొరత నిజమే. రాష్ట్రాలకు 12,000కు పైగా టౌన్ ప్లానర్ పోస్టులు అవసరమని, మంజూరైనవి 4,000 లోపేనని, వాటిలోనూ సగం ఖాళీగా ఉన్నాయని నీతి ఆయోగ్ 2021లో చెప్పింది. అయితే పోస్టు మంజూరు కానిదే, నోటిఫికేషన్ వెలువడనిదే ఆ కొరత ఎవరికీ జీతం కాదు. తెలంగాణలో 2022లో 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు (స్కేలు రూ.32,810-96,890) ప్రకటన వస్తే, ప్లానింగ్ పట్టభద్రులతోపాటు సివిల్ డిప్లొమా వారూ అర్హులే. ఆంధ్రప్రదేశ్ వార్డు సచివాలయాల్లో 2019లో చేరిన ప్లానింగ్ కార్యదర్శులకు ప్రొబేషన్ కాలంలో నెలకిచ్చింది రూ.15,000. నాలుగేళ్ల ప్లానింగ్ డిగ్రీకి ఈ పోటీలో ప్రత్యేక విలువ లేకపోవడం నా దృష్టిలో అన్యాయమే.

అపోహ: ఆర్కిటెక్చర్ చదివినవారే ఇందులోకి రావాలి.

వాస్తవం: అవసరం లేదు. ఇంటర్ తర్వాత విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో నేరుగా బీ.ప్లానింగ్‌లో చేరవచ్చు, సివిల్, భూగోళశాస్త్రం చదివినవారు ఎం.ప్లానింగ్‌కు వస్తుంటారు.

అపోహ: కన్సల్టెన్సీలో మొదటి నుంచే పెద్ద జీతాలు.

వాస్తవం: ప్రభుత్వానికి ప్రణాళికలు తయారుచేసిచ్చే కన్సల్టెన్సీకి బిల్లులు దశలవారీగా, ప్రారంభ నివేదికకు కొంత, ముసాయిదాకు కొంత, తుది ప్రణాళికకు కొంతగా వస్తాయి. ముసాయిదా ఆమోదం ఆగిపోయిన ఏడాది, నేను అప్పుడు పనిచేసిన చిన్న సంస్థలో మూడు నెలల జీతం ఆలస్యమైంది. బేరమాడే బలం తర్వాత వస్తుంది: టెండర్లలో టీమ్ లీడర్ చదువుకు, అనుభవానికి మార్కులుంటాయి కాబట్టి, ఎం.ప్లానింగ్‌తోపాటు పూర్తి చేసిన మాస్టర్ ప్లాన్లు చూపగలిగినవారి బయోడేటా కోసం సంస్థలే ఫోన్ చేస్తాయి. అందుకే ఏ పని పూర్తయినా అనుభవ ధ్రువపత్రం అప్పుడే రాయించుకోండి. సంస్థ మూతపడ్డాక సంతకం చేసేవారు దొరకరు.