అంగస్తంభన మాత్ర, గుండె మాత్ర

అంగస్తంభన సమస్య ఉందని డాక్టరుకు చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి, మందుల షాపులో మాత్ర అడగడానికి అంతగా వెనకాడడు. నాకు ఆందోళన కలిగించేది ఇదే. చాలామందిలో అంగస్తంభన సమస్య రక్తనాళాల జబ్బు. మగతనానికి వచ్చిన లోటేమీ కాదు.

కోరిక కలిగినప్పుడు అంగంలోని నరాల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దానివల్ల సీజీఎంపీ అనే రసాయనం పెరిగి, అక్కడి కండరాలు సడలి, రక్తం నిండుతుంది. పీడీఈ5 అనే ఎంజైము ఆ రసాయనాన్ని ఎప్పటికప్పుడు విచ్ఛిన్నం చేస్తుంటుంది. అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా), టాడలాఫిల్ మాత్రలు ఆ ఎంజైమును అడ్డుకుంటాయి, అంతే. కోరికను అవి పుట్టించవు. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం చేసి సిల్డెనాఫిల్ వేసుకుంటే పని మొదలవడం ఆలస్యమవుతుంది. ఒక్కసారి ఫలితం రాలేదని మందే పనికిరాదనుకోవడం తొందరపాటు.

1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ సిల్డెనాఫిల్‌ను ఫైజర్ సంస్థ మొదట పరీక్షించింది గుండెనొప్పికే. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర కూడా పెంచేది ఆ సీజీఎంపీనే. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు గడిచేదాకా నైట్రేట్ వాడకూడదు. రోజూ నైట్రేట్లు వాడేవారికి ఈ మాత్రలు అసలే నిషిద్ధం.

అంగంలోని ధమనులు గుండె ధమనుల కన్నా బాగా సన్నవి. అందుకే రక్తనాళాల జబ్బు గుండెలో తెలియడానికి కొన్నేళ్ల ముందే ఇక్కడ బయటపడవచ్చు. మాత్ర రాసేముందు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూడాలనేది ఇందుకే. సిగరెట్ మానడం, నడక, బరువు తగ్గడం కూడా చికిత్సలో భాగమే. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటే, కారణం ఆందోళన కావచ్చు. దానికి కౌన్సెలింగ్ అవసరం. టెస్టోస్టెరాన్ తక్కువని పరీక్షలో తేలినవారికే ఆ హార్మోను ఇస్తారు.

మాత్రలు పనిచేయనివారికి వాక్యూమ్ పంపు ఉంది, అంగంలోకి తీసుకునే ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజక్షన్ ఉంది. స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏదీ ఫలించనప్పుడు శస్త్రచికిత్సతో ఇంప్లాంట్ అమరుస్తారు.

మూలికల పేరుతో అమ్మే పొడులు, గుళికలు కొన్నిటిలో రహస్యంగా కలిపిన సిల్డెనాఫిల్ ఉన్నట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదే పదే బయటపెట్టింది. అలాంటివి వాడుతున్నవారు ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్తే, నైట్రేట్ ఇవ్వకముందే ఆ మాట డాక్టరుకు చెప్పితీరాలి.