నోరు కట్టుకోలేదన్న మాట వెనుక

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారికి విజయవాడలో మొదటి ఏడాదంతా ఒకటే పలకరింపు: “ఏమ్మా, ఇలా చిక్కిపోయావు, ఒంట్లో బాగానే ఉంటోందా?” మూడో ఏడాదో నాలుగో ఏడాదో వచ్చేసరికి అది మారుతుంది: “మళ్లీ ఒళ్లు చేసినట్టున్నావే.” ఆ మనిషి గుమ్మం దాటాక వినిపించే మాట ఇంకొకటి ఉంది. “అన్ని లక్షలు పోసి కడుపు కోయించుకుని కూడా నోరు కట్టుకోలేకపోయింది.”

చుట్టాల సంగతి సరే. చాలామంది తమ గురించి తాము అనుకునేదీ ఇదే. ఆ సిగ్గుతోనే ఆపరేషన్ చేసిన డాక్టరు ముఖం చూడడానికి వెనకాడతారు. కానీ తగ్గిన బరువు తిరిగి రావడమన్నది ఈ శస్త్రచికిత్సతోపాటే పుట్టి, దానితోపాటే పెరిగింది. ఒక పద్ధతి పోయి మరో పద్ధతి రావడానికి అదీ ఒక ముఖ్య కారణమే.

నోరు కట్టుకోవడం మనకు నుడికారం. 1970లలో బ్రిటన్ వైద్యులు దాన్ని అక్షరాలా చేసి చూశారు. పై పళ్లనూ కింది పళ్లనూ తీగతో బిగించి, పాలూ ద్రవాలూ తప్ప మరేదీ లోపలికి పోకుండా చేశారు. బరువు బాగానే తగ్గింది. తీగ విప్పారు, బరువు తిరిగొచ్చింది. దాంతో గారో అనే వైద్య శాస్త్రవేత్త, తీగ విప్పిన తర్వాత నడుముకు నైలాన్ తాడు కట్టే పద్ధతిని 1981లో వివరించాడు. ఒళ్లు పెరిగితే తాడు బిగుసుకుని హెచ్చరిస్తుంది. మన మొలతాడుకు ఇంత పని అప్పగించవచ్చని మన పెద్దలకు తట్టలేదు.

అసలు కథ అంతకు ముందే, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో అక్కడ ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టాడు. వాళ్లు తమ బరువులో నాలుగో వంతు కోల్పోయారు. ఒంట్లో ఖర్చయ్యే శక్తి పడిపోయింది, ధ్యాసంతా తిండి మీదే. మళ్లీ కడుపునిండా పెట్టినా ఆకలి తీరలేదు. పోయిన కొవ్వు కంటే ఎక్కువే చేరింది. వీళ్లెవరూ తిండిపోతులు కారు, ప్రయోగానికి స్వచ్ఛందంగా వచ్చినవారు. సరిగ్గా అదే విశ్వవిద్యాలయం నుంచి 1954లో క్రెమెన్, లిన్నర్, నెల్సన్ అనే వైద్యుల పేగు బైపాస్ ఆపరేషన్ వెలువడింది. చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కన పెట్టేస్తే తిన్నది ఒంటికి పట్టదు. బరువు తగ్గడమైతే తగ్గింది గానీ విరేచనాలూ, మూత్రపిండాల్లో రాళ్లూ, కాలేయం చెడిపోవడమూ తోడయ్యాయి. పేగును మళ్లీ యథాస్థానానికి కలిపితే పోయిన బరువూ తిరిగి వచ్చేది.

తర్వాతి మలుపు అమెరికాలోనే అయోవా రాష్ట్రంలో. అల్సరు కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన స్త్రీలు మళ్లీ ఒళ్లు చేయడం లేదని సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ గమనించాడు. జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి నేరుగా చిన్నపేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ 1966లో మొదలైంది అలాగే. మన దగ్గర ఈ పేరు వినగానే గుండె ఆపరేషన్ అనుకుని పరామర్శకు వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1980లో మేసనే మరింత సులువైన పద్ధతి తెచ్చాడు: జీర్ణాశయం పైభాగంలో కుట్లు వేసి చిన్న సంచి చేయడం, సంచి మూతికి పట్టీ బిగించడం. పేగు జోలికి పోనక్కర్లేదు. దాని లోపం కొన్నేళ్లకు బయటపడింది. మాంసమూ రొట్టే పట్టీ దగ్గర ఆగేవి. ఐస్‌క్రీమూ మిల్క్‌షేకూ ఆగకుండా జారిపోయేవి.

ఈ జారుడు సంగతి మన కంచంలో పెట్టి చూడాలి. ఆపరేషన్ అయిన కడుపులో నాలుగు కోడిమాంసం ముక్కలు పడితే బరువుగా నిలిచిపోతాయి. అదే మెత్తగా పిసికిన పప్పుచారు అన్నం, పాయసం, బాదం పాలు, చెరకు రసం అయితే నిమిషాల్లో దిగిపోయి చోటిస్తాయి. జంతికలూ కారప్పూసా కొరికేటప్పుడు గట్టివే, నోట్లో నానాక పిండే. భోజనం మధ్యలో నీళ్లు తాగితే గట్టి తిండి కూడా తొందరగా కిందికి కదులుతుంది. చూసేవారికి ఆ మనిషి పిడికెడే తింటున్నట్టు కనిపిస్తుంది, ఆ మనిషికీ అలాగే అనిపిస్తుంది. పైగా ముక్క మింగుడు పడక వాంతయ్యేవారికి పప్పుచారే హాయి. లెక్క తప్పేది ఈ హాయి దగ్గరే. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినమంటారు. చారన్నంతో ఆ లెక్క తేలదు, కండ కరుగుతుంది, కండ కరిగిన ఒంటికి ఖర్చూ తక్కువే.

ఎంత బరువు తిరిగొస్తుందో చెప్పడానికి స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఉంది. దాని ఫలితాలు 2007లో వచ్చాయి. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు ఏడాది, రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. 120 కిలోల మనిషి 82కు దిగి, మళ్లీ 90కి చేరాడన్నమాట. సంచి కుట్లు లేకుండా జీర్ణాశయానికి పట్టీ మాత్రమే వేయించుకున్నవారిలో 20 శాతం కాస్తా 14 అయింది. ఆపరేషన్ చేయించుకోనివారి బరువు ఇంచుమించు ఉన్నచోటే ఉంది, మరణాలు మాత్రం ఆపరేషన్ చేయించుకున్నవారిలోనే తక్కువ. ఆ ఎనిమిది కిలోలను ఓటమి అనడం నాకు మింగుడు పడదు.

ఎందుకు తిరిగొస్తుందన్నది ఆలస్యంగా తెలిసింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోనును 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. అది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు పది వారాల పథ్యంతో బరువు తగ్గినవారిని ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆకలి పెంచే హార్మోన్లు అప్పటికీ హెచ్చుగానే, తృప్తినిచ్చేవి తక్కువగానే ఉన్నాయి. ఆ పైభాగంతో సహా జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్ ఈ పోరులో కొంత ఒడ్డున పడేస్తుంది. అదీ మొదట పెద్ద ఆపరేషన్‌కు తొలి మెట్టుగా వచ్చి, తర్వాత విడిగా స్థిరపడింది. మిగిల్చిన గొట్టం కాలక్రమంలో కొంత సాగుతుంది.

మన ప్రాంతంలో ఈ ఆపరేషన్‌కు వచ్చేవారు చాలామంది అప్పటికే పథ్యాల్లో ఆరితేరినవారు. కృష్ణ కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు ఆశ్రమంలో ఉప్పూ నూనే లేని వంట. ఇదే విజయవాడ నుంచి ఊరూరా పాకిన వీరమాచనేని రామకృష్ణ పద్ధతిలో రోజుకు 70 గ్రాములకు తక్కువ కాకుండా కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. నూనె ముట్టకూడదన్న ఊరూ, గరిటెలతో తాగమన్న ఊరూ ఒకటే. రెండూ చేసి, రెండింటిలోనూ తగ్గి, పెరిగిన ఒళ్లే చివరకు బల్ల ఎక్కుతుంది. అంటే చాలాకాలం నోరు కట్టుకున్నవారే.

సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో అడుగడుగునా ఆసుపత్రే. అయినా హైదరాబాద్ వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నవారికి మొదటి రెండు మూడు పరీక్షల తర్వాత ఆ ప్రయాణం భారమవుతుంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన నిబంధనల ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును కొలిచే సూచిక, 40 ఉంటేనో, తీవ్రమైన జబ్బులతో 35 ఉంటేనో బీమా వర్తిస్తుంది. జబ్బులుంటే 32.5 చాలని మన దేశ వైద్యులు 2009లోనే అన్నారు. మొత్తానికి బీమా డబ్బు ఇచ్చినా అది ఆపరేషన్ బల్లకే. ఆ తర్వాత ఏళ్ల తరబడి కావలసిన పోషకాహార నిపుణుల సలహాకూ, రక్త పరీక్షలకూ, విటమిన్ మాత్రలకూ సాధారణంగా జేబే దిక్కు.

ఇప్పుడు ఆకలిని తగ్గించే సూదిమందులు వచ్చాయి. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం ఇచ్చే సెమాగ్లుటైడ్ జూన్‌లో మన దేశపు అంగళ్లకు చేరాయి. ఆపరేషన్ తర్వాత బరువు తిరిగొచ్చినవారికి కూడా వైద్యులు వీటిని వాడుతున్నారు. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని 2022లో వెలువడిన అధ్యయనం చెప్పింది. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చే రెండో ఆపరేషనూ ఉంది. వీటన్నిటికంటే ముందు డాక్టరు ఎండోస్కోపీయో ఎక్స్‌రేనో తీసి గొట్టం ఎంత సాగిందో చూస్తాడు, ఏం తింటున్నారో ఒక వారం రాసి తెమ్మంటాడు. అయిదు కిలోలు పెరిగినప్పుడే వెళ్తే ఆ కాగితంతోనే పని సర్దుకోవచ్చు. చాలామంది ఇరవై పెరిగాక వెళ్తారు, అదీ వేరే డాక్టరు దగ్గరకు, పాత ఫైలు ఇంట్లోనే వదిలేసి.