అమ్మమ్మ ఒత్తులు ఎక్కడికి పోయాయి?

రామ్మూర్తి నగర్, బెంగళూరు

చిన్నూ, పండూ,

మొన్న ఆదివారం మీ పైన్‌ఫోన్ గురించి మీరు అడిగిన ప్రశ్న ఇంకా మా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. "తాతయ్యా, ఈ మూడిట్లో ఏ ఇంటర్‌ఫేస్ పెట్టుకోమంటావ్?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే క్యాబ్ వచ్చిందని పరిగెత్తారు. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మధ్యలో పాత కథలు వస్తాయి. దాటేయొద్దు, జవాబు వాటిలోనే ఉంది.

మీ బాబాయి స్నేహితుడు ఇచ్చిన ఆ పైన్‌ఫోన్ చూడ్డానికి ఫోనే కానీ, నిజానికి లినక్స్ (ఎవరైనా తీసుకుని మార్చుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే చిన్న కంప్యూటర్. 2020లో వచ్చింది. వెనక మూత గోరుతో తీయగానే మైకుకీ, కెమెరాలకీ, వైఫైకీ విడివిడిగా బుల్లి స్విచ్చులు కనిపించాయని పండు ఎంత సంబరపడ్డాడో! ఆ స్విచ్చులకన్నా నాకు నచ్చేది ఇంకొకటి. మామూలు ఫోన్లలో లోపలి యంత్రం, పైన కనిపించే తెర ఒకదానికొకటి అతుక్కునే వస్తాయి, కంపెనీ ఇచ్చిందే తీసుకోవాలి. ఇందులో వంట ఒకరిది, వడ్డన ఇంకొకరిది. యంత్రాన్ని నడిపే కెర్నల్, దాని భాగాలతో మాట్లాడే డ్రైవర్లు వంటింట్లో ఉంటాయి. ఫోష్, ప్లాస్మా మొబైల్, ఎస్‌ఎక్స్‌మో అని మీరు చెప్పిన మూడూ వడ్డించేవాళ్లు, అంటే తెర మీద కనిపించే ఇంటర్‌ఫేస్‌లు. వంట మార్చకుండానే వడ్డించేవాళ్లను మార్చుకోవచ్చు.

ఆ వడ్డన ఎలా ఉండాలన్నదే అసలు పేచీ. పెళ్లి పంక్తిలో పెద్ద అరిటాకు వేస్తారు. పప్పుకి ఒక చోటు, పచ్చడికి ఒక చోటు, నింపాదిగా కూర్చుని తింటాం. అదే మన వీధి చివర దర్శినిలో అయితే? భుజాన బ్యాగు, ఒక చేతిలో ప్లేటు, రెండో చేత్తో ఇడ్లీ. నిలబడే ఐదు నిమిషాల్లో కానిచ్చి చెయ్యి కడుక్కోవాలి. ఇంట్లో మీ డెస్క్‌టాప్ పంక్తి భోజనం. చేతిలో పట్టుకునేది దర్శిని. పంక్తి భోజనాన్ని తెచ్చి దర్శిని కౌంటర్ మీద పెట్టాలని చూసి బోల్తాపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

నా కథకు ముందు మన ఊరి కథ. చేతి కంప్యూటర్ అంటే ఎక్కడో అమెరికాలోనే పుట్టిందనుకునేరు. ఇక్కడ మల్లేశ్వరం దాటగానే ఉండే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనేదాన్ని తయారుచేశారు. మాలాంటి పాతవాళ్లం ఆ సంస్థను ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటాం. సింప్యూటర్ లోపల నడిచేది లినక్సే. హార్డ్‌వేర్ డిజైన్‌ను కూడా బయటపెట్టి, దానికంటూ ఒక లైసెన్సు రాశారు. ఒకే యంత్రాన్ని ఊరంతా పంచుకోవాలి, ఎవరి వివరాలు వాళ్ల స్మార్ట్ కార్డులో ఉండాలి, చదువురానివాళ్లు బొమ్మను తాకితే అది మన భాషల్లో పైకి చదివి వినిపించాలి. ఇదీ వాళ్ల ఆలోచన. 2004లో బజారులోకి వచ్చిన అమిడా సింప్యూటర్‌లో చేతిని కాస్త విదిలిస్తే పేజీ తిరిగేది. ఐఫోన్ పుట్టింది 2007లో, లెక్క చూసుకోండి. పాపం, అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. కానీ ఆ ఇంటర్‌ఫేస్ గీసినవాళ్లు మొదట అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే: దీన్ని పట్టుకునేది ఎవరు?

ఆ ప్రశ్న నేను అడగలేదు. 2003లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ముళబాగిలు దగ్గర పల్లెలో ఒక పాలకేంద్రం. ఆ వైపు ఇళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. కార్యదర్శి కూడా తెలుగాయనే. రైతు తెచ్చిన పాలు ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత అని రోజూ పద్దు పుస్తకంలో రాసేవాడు. ఆ పద్దును చేతి కంప్యూటర్‌లోకి ఎక్కించడమే మా పని. మేం తీసుకున్నది కాంపాక్ ఐప్యాక్. 206 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 ఎంబీ మెమరీ, ఫైళ్లు దాచుకునే ఫ్లాష్ 16 ఎంబీ. మీరు పంపే ఫొటోలు నాలుగు పెడితే ఆ ఫ్లాష్ నిండిపోతుంది. దాంతో వచ్చిన విండోస్ తీసేసి ఫమిలియర్ అనే లినక్స్ ఎక్కించాం. సీరియల్ కేబుల్‌తో ఎక్కించాలి, మధ్యలో కేబుల్ కదిలిందా, టెన్షనే.

ఎక్కించాక సరిగ్గా మీ ప్రశ్నే మాకూ వచ్చింది. అప్పట్లో రెండు ఇంటర్‌ఫేస్‌లుండేవి: జీపీఈ, ఓపీ. జీపీఈ ఎక్స్ విండోస్ అనే, లినక్స్ కంప్యూటర్లలో తెర మీద బొమ్మ గీసే పాత పద్ధతి మీద నడిచేది కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లోని ప్రోగ్రాంను కూడా ఆ బుల్లి తెర మీద చూపించగలం. ఓపీ అయితే ఎక్స్ లేకుండా నేరుగా తెర మీదే గీసేది, అందుకే తేలిగ్గా కదిలేది. ఏది పెట్టాలని రెండు వారాలు కొట్టుకున్నాం. ఎవరి ఐకాన్లు బాగున్నాయి, ఎవరి క్యాలెండర్ బాగుంది అని ఒకటే వాదన. చివరికి జీపీఈ పెట్టుకుని జీపెక్కాం.

తెల్లవారుజామున ఐదున్నర. బల్బు వెలుతురు, చలి, క్యాన్లు పట్టుకుని వరసలో రైతులు. కార్యదర్శి చేతులు తడిగా ఉన్నాయి. పుల్లలాంటి స్టైలస్‌తో లీటర్ల గడి మీద నొక్కాడు. వెంటనే కింది నుంచి కీబోర్డు లేచి ఫ్యాట్ గడిని కప్పేసింది. కీబోర్డు మూసి ఫ్యాట్ గడి నొక్కాడు. మళ్లీ లేచింది, ఈసారి రాయాల్సిన గడినే మింగేసింది. స్టైలస్ జారి కింద పడింది. వెనక నుంచి ఒక ముసలాయన, "ఏమప్పా, పుస్తకంలో రాసుకోరాదా, పాలు విరిగిపోతాయి" అన్నాడు. కార్యదర్శి నావైపు తిరిగి, "సార్, ఇది నా చేతిలో ఉన్నట్టా, నేను దాని చేతిలో ఉన్నట్టా?" అని అడిగాడు. నేనేం చెప్పను?

బెంగళూరు తిరిగొచ్చాక తెర కింది సగమంతా పన్నెండు పెద్ద బొత్తాలు పెట్టాం. పది అంకెలు, ఒక చుక్క, ఒక 'సరే'. పై సగంలో రైతు నెంబరు, లీటర్లు, ఫ్యాట్. ఒకటి నింపి 'సరే' కొడితే తనే తర్వాతి గడిలోకి వెళుతుంది. కీబోర్డు అన్నదే రాదు, మెనూ లేదు, ఐకాన్ లేదు. స్టైలస్‌ను పురికొసతో కట్టాం. ఆయన ఆ యంత్రం వాడినన్నాళ్లూ లోపలున్నది జీపీఈ అని ఆయనకు తెలియనే తెలియదు. ఓపీ పెట్టినా అంతే జరిగేది. మా రెండు వారాల గొడవ శుద్ధ దండగ.

కాబట్టి ఏది అందంగా ఉందని నన్నడగొద్దు. ఇద్దరూ కూర్చుని దాంతో రోజూ చేసే పనులు మూడు రాయండి. చిన్నూ అయితే ఫొటో, పాట, అమ్మకు మెసేజి. పండు అయితే బస్సులో కోడ్ రాసుకోవడం. ఒక్కో పనికి ఎన్నిసార్లు తాకాల్సి వస్తుందో, ఒంటిచేత్తో బొటనవేలు అక్కడికి అందుతుందో లేదో లెక్కపెట్టండి. పెద్దగా, దగ్గరగా ఉన్నదాన్ని త్వరగా తాకుతాం, చిన్నగా దూరంగా ఉన్నదానికి టైం పడుతుంది. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే దీనికి సూత్రం కట్టాడు.

స్కేలు తెచ్చుకోండి, ఒక చిన్న లెక్క చేద్దాం. మీ తెర 5.95 అంగుళాలు, 720 అడ్డం, 1440 నిలువు పిక్సెళ్లు. అంటే అడ్డంగా దాదాపు 68 మిల్లీమీటర్లు. వేలితో తప్పు పోకుండా తాకాలంటే బొత్తాం సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలంటారు. ఇంగ్లీషు కీబోర్డు పై వరసలో పది అక్షరాలు, ఒక్కోదానికి 6.8 మిల్లీమీటర్లే దక్కుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు వరసలో పన్నెండు పట్టించాలంటే ఆరు కూడా రాదు. మీరు టైపు చేసేటప్పుడు తప్పులు పడేది మీ వేళ్ల వల్ల కాదు. ఇంకోటి, ఆ తెర మీద అన్నీ రెండింతలు చేసి చూపిస్తారు కాబట్టి ప్రోగ్రాంకి దక్కే వెడల్పు 360 మాత్రమే. ఇంత ఇరుకులో మడుచుకోవడం తెలిసిన యాప్‌లు బాగుంటాయి. లిబ్రేఆఫీస్‌లాంటి పంక్తి భోజనం యాప్ తెరిస్తే 'సరే' బొత్తాం తెర బయట ఎక్కడో ఉండిపోతుంది.

ఇప్పుడు అమ్మమ్మ సంగతి. మీరు గర్వంగా కాంటాక్టుల పట్టీ చూపించారు గుర్తుందా? అమ్మమ్మ కళ్లజోడు పైకి తోసుకుని కాసేపు చూసి, "ఈ 'అమమ' ఎవర్రా?" అంది. మీరు నవ్వేశారు. ఎక్కువ పేర్లు పట్టాలని వరసల ఎత్తు తగ్గించారు కదా, అక్కడే తెగాయి ఒత్తులు. ఇంగ్లీషు అక్షరాలకు కిందికి వేలాడేది ఏదో తోక ముక్క. మన అక్షరానికి పైన తలకట్టో గుడో ఉంటుంది, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీషు కొలతతో కట్టిన గదిలో తెలుగు నిలబడితే పాదాలు తెగుతాయి. పద్దు కాస్తా పదు అవుతుంది.

టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే ఉత్త అక్షరాల తెరలో, ఇంకో తంటా ఉంది. అక్కడ ఒక్కో అక్షరానికి ఒకే కొలత గడి ఉంటుంది. మన గుణింతాలు, ఒత్తులు ఆ గడుల్లో ఇమడవు, విడిపోయి చెల్లాచెదురవుతాయి. ఎస్‌ఎక్స్‌మోలో చాలా పనులు టెర్మినల్‌లోనే జరుగుతాయి కాబట్టి తెలుగు మెసేజీలు చదవడానికి అది పనికిరాదు. పెద్ద కంపెనీలకు ఈ తిప్పలు లేవనుకోకండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం కోడ్లు ఒక తీరులో పేర్చి మెసేజీలో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆ తర్వాత అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన ఒక్క అక్షరం అంత పని చేసిందని ఆ వారమంతా నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది, ఎవరికీ చెప్పకండి.

ఏది పెట్టినా ముందు నాలుగు మాటలు రాసి చూడండి: స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, అమ్మమ్మ. మెనూలో, మెసేజీలో, నోటిఫికేషన్‌లో, మూడు చోట్లా. సెట్టింగుల్లో తెలుగు కీబోర్డు ఉందో లేదో కూడా మొదటి రోజే చూసుకోండి.

సరే, నా మాట చెప్తాను. మొదట ఫోష్ పెట్టండి. లిబ్రెమ్ 5 అనే ఇంకో లినక్స్ ఫోన్ కోసం మొదలైంది. బొత్తాలు, మెనూలు గీసే జీటీకే అనే సామగ్రి మీద కట్టింది. కాల్స్, మెసేజీలు, సెట్టింగులు 360 వెడల్పులో చక్కగా మడుచుకుంటాయి. చూడ్డానికి ప్లాస్మా మొబైల్ ఇంకా బాగుంటుంది, మార్చుకోవడానికి కూడా బోలెడు ఉంటాయి, కానీ మీ యంత్రంలోని ప్రాసెసర్‌కు అది బరువే. పైన్‌ఫోన్‌లో 2 జీబీ మెమరీ ఉన్నవీ, 3 జీబీ ఉన్నవీ రెండు రకాలొచ్చాయి. మీది 3 అయితేనే ఆ జోలికి వెళ్లండి. ఎస్‌ఎక్స్‌మో పండు కోసమే పుట్టినట్టుంటుంది. పక్కనున్న మూడు మీటలతోనే మెనూలన్నీ తెరవచ్చు, లోపలంతా చిన్న చిన్న స్క్రిప్టులు, మెసేజీలు కూడా మామూలు టెక్స్ట్ ఫైళ్లే. కానీ వాడు దాన్ని మార్చుకుంటూ కూర్చుని పరీక్షలు మర్చిపోతాడని నా భయం.

నిజానికి ఇప్పుడే ఒకటి తేల్చుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఆన్ చేయగానే పైన్‌ఫోన్ ముందు మైక్రో ఎస్‌డీ కార్డు వైపు చూస్తుంది, అందులో సిస్టమ్ ఉంటే దాన్నే నడుపుతుంది, లోపలి మెమరీ జోలికి పోదు. ఫోన్ల కోసం చేసిన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్‌ను మూడు కార్డుల్లో, ఒక్కోదాంట్లో ఒక్కో ఇంటర్‌ఫేస్‌తో ఎక్కించండి. ఒక్కోటి ఒక వారం వాడండి. ఒక కార్డులో పెట్టుకున్న కాంటాక్టులు ఇంకో కార్డులోకి వాటంతటవి రావు, ముందే ఫైలుగా దాచుకోండి. యూపీఐ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, దానికి అమ్మ ఫోనే గతి.

కార్డులు శనివారమే కొనండి, ఆదివారం ఎలక్ట్రానిక్స్ అమ్మే ఎస్పీ రోడ్డులో చాలా షాపులు మూసేస్తారు. కార్డు రీడర్ నా సొరుగులో ఉంది, ఇంకోటి కొనొద్దు. ఒక్కో కార్డు మీద మార్కర్‌తో పేరు రాసి తీసుకురండి. ఆదివారం అమ్మమ్మ మూడిట్లోనూ సరుకుల చీటీ రాస్తుందట. 'పెసరపప్పు'తో మొదలుపెడుతుంది. కొత్త కళ్లజోడు కూడా వచ్చింది కాబట్టి ఈసారి ఒత్తు పోతే చూపు మీదికి నెట్టడం కుదరదు.

మీ తాతయ్య