కోడ్ ఎడిటర్‌లో షార్ట్‌కట్‌లు, సెర్చ్: అపోహలు - వాస్తవాలు

నేను చెప్పే కీలు విండోస్‌లో వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌వి. మ్యాక్‌లో కొన్ని మారతాయి.

అపోహ: షార్ట్‌కట్‌లన్నీ బట్టీ పట్టాలి.
అక్కర్లేదు. కంట్రోల్+షిఫ్ట్+పి నొక్కి చేయాల్సిన పని పేరు కొట్టండి. దానికి షార్ట్‌కట్ ఉంటే పక్కనే కనిపిస్తుంది. రోజూ వాడేవి వాటంతటవే చేతికొస్తాయి.

అపోహ: షార్ట్‌కట్‌లు టైపింగ్ స్పీడు కోసం.
మన టైమ్‌లో ఎక్కువ భాగం పోయేది కోడ్ చదవడానికి, వెతకడానికి. ఎఫ్12తో ఫంక్షన్ అసలు రాసిన చోటికి వెళ్లి, ఆల్ట్+ఎడమ బాణంతో వెనక్కి వస్తే, ఏం ఆలోచిస్తున్నామో మర్చిపోకముందే పాత లైన్‌లో ఉంటాం. ట్యాబ్‌లు తిరగేస్తూ కూర్చుంటే అది కుదరదు.

అపోహ: సెర్చ్‌లో రాలేదంటే కోడ్‌లో లేనట్టే.
"వెతికాను, ఎవరూ వాడట్లేదు" అని ఫంక్షన్ తీసేశాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్ మొత్తం ప్రాజెక్ట్‌ని వెతుకుతుందని అనుకుంటాం గానీ, గిట్‌ఇగ్నోర్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఉన్న ఫైళ్ల జోలికి మామూలుగా పోదు. సెర్చ్ బాక్స్ కింది మూడు చుక్కలు నొక్కితే 'ఫైల్స్ టు ఎక్స్‌క్లూడ్' వస్తుంది. అందులోని గేర్ గుర్తు ఆఫ్ చేసి మళ్లీ వెతకండి. అప్పుడూ రాకపోతే, ఇందాక ఎందుకో ఆన్ చేసిన 'మ్యాచ్ కేస్' (పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా చూసేది) అలాగే ఉండిపోయిందేమో చూడండి. చాలాసార్లు దొంగ అదే.

ఇంకో చిక్కుంది. కొందరు 'గెట్' అన్న ముక్కకి ఫీల్డ్ పేరు అతికించి, రన్ అయ్యేటప్పుడు ఫంక్షన్ పేరు తయారుచేస్తారు. పూర్తి పేరు ఏ ఫైల్లోనూ ఉండదు కాబట్టి, ఎంత వెతికినా దొరకదు. ముక్కలుగా వెతకాల్సిందే.

దీనికి ఉల్టా బాధ, కుప్పలుగా రావడం. 'ఐడి' అని వెతికితే గ్రిడ్, వ్యాలిడ్, విడ్త్ అన్నీ వచ్చి పడతాయి. ఆల్ట్+డబ్ల్యూ నొక్కితే విడిగా ఉన్న 'ఐడి' మాత్రమే మిగులుతుంది.

అపోహ: పేరు మార్చడానికి ఫైండ్ అండ్ రీప్లేస్ చాలు.
అది అక్షరాలనే చూస్తుంది. ఎఫ్2 మాత్రం, ఆ భాషకి సపోర్ట్ ఉంటే, ఆ వేరియబుల్‌నే మారుస్తుంది. అదే పేరున్న వేరే వేరియబుల్‌ని ముట్టుకోదు. కాకపోతే కాన్ఫిగ్ ఫైళ్లలో, కోట్స్ మధ్య ఉన్న పేర్లు సాధారణంగా దానికి పట్టవు. వాటికి సెర్చే గతి.

అపోహ: డిలీట్ చేసిన కోడ్‌ని వెతకలేం.
కమిట్ అయి ఉంటే, అంటే గిట్‌లో ఆ మార్పు నమోదై ఉంటే, వెతకొచ్చు. టెర్మినల్‌లో గిట్ లాగ్ కమాండ్‌కి హైఫన్, పెద్ద ఎస్, దాని వెంటే ఆ పేరు ఇవ్వండి. ఆ పేరు చేరిన కమిట్, పోయిన కమిట్ రెండూ వస్తాయి. ఎందుకు తీసేశారో ఆ కమిట్ మెసేజ్‌లో రాసి ఉంటే మీ అదృష్టం.