స్ట్రాలో మునగాకు సారం: అపోహలు - వాస్తవాలు

గేదె వీర్యం ల్యాబులో పని అని చెప్పగానే ఈమధ్య చాలామంది ఒకటే అడుగుతున్నారు: "గ్రీన్ టీ, మునగాకు, పసుపు కలిపితే స్ట్రాలు బాగా పనిచేస్తాయంట కదా సార్?" స్ట్రాలంటే కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం నింపి గడ్డకట్టించే సన్నని గొట్టాలు. పనిచేస్తాయి, కొంతమేరకు. ఆ కొంత ఎంతో చెప్తాను.

అపోహ: ఆకు పసరే కదా, కాస్త ఎక్కువైనా ఏం కాదు.

అవుతుంది. గేదె వీర్యకణం పొరలో తేలిగ్గా ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ. చల్లబరిచి గడ్డకట్టించేటప్పుడు ఆ పొర దెబ్బతింటే కణం చతికిలబడుతుంది. ఈ ఆకుల్లో, పసుపులో ఉండే యాంటీఆక్సిడెంట్లు, అంటే ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలు, ఆదుకునేది అక్కడే. కానీ కణం పొరను దెబ్బతీసే ఆ ఆక్సిజన్ ఉత్పన్నాలే కొద్దిగా లేకపోతే, వీర్యకణం అండంలోకి దూరడానికి సిద్ధం కాదు. వాటిని పూర్తిగా తుడిచిపెట్టినా నష్టమే.

ఓసారి మునగాకు సారాన్ని మూడు మోతాదుల్లో వీర్యాన్ని పలచబరిచే ట్రిస్-గుడ్డుసొన డైల్యూటర్‌లో కలిపి చూశాం. స్ట్రాలు కరిగించి, మైక్రోస్కోప్ కింద 37 డిగ్రీల ప్లేటు మీద చుక్క పెట్టాం. తక్కువ మోతాదుది, ఏమీ కలపనిదానికన్నా కాస్త చురుగ్గా ఉంది. ఎక్కువ మోతాదు చుక్కలో తోకలు ఆడుతున్నాయి గానీ కణాలు ముందుకు పోవట్లేదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. తర్వాత కొలిస్తే డైల్యూటర్ పీహెచ్ దిగిపోయి ఉంది. పైగా ఎండాకాలం కోసిన ఆకూ వానాకాలం ఆకూ ఒకటి కాదు, నీళ్లతో తీసిన సారమూ ఆల్కహాల్‌తో తీసిందీ ఒకటి కాదు. ఇదే పనికి వాడే విటమిన్ ఇ అయితే మరీ తలనొప్పి. నీళ్లలో కరగదు, కరిగించడానికి వాడే ద్రావకమే ఒక్కోసారి కణాలకు పడదు.

అపోహ: ద్రవ నత్రజని క్యాన్‌లో ఏళ్ల తరబడి ఉంటే వీర్యం పాడవుతుంది, ఇవి కలిపితే పాడవదు.

మైనస్ 196 డిగ్రీల దగ్గర రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి. నష్టమంతా గడ్డకట్టేటప్పుడు, మళ్లీ కరిగేటప్పుడే. నత్రజని అయిపోయిన క్యాన్‌ని ఏ మునగాకూ కాపాడదు. పంది వీర్యం సంగతి వేరు. దాన్ని 17 డిగ్రీల దగ్గర ద్రవంగానే కొన్ని రోజులు ఉంచుతారు, అన్ని రోజులూ ఆక్సీకరణ నడుస్తూనే ఉంటుంది.

అపోహ: ల్యాబులో కదలిక పెరిగితే చూడి పెరిగినట్టే.

0.25 మి.లీ. స్ట్రాలో 2 కోట్ల కణాలు నింపుతాం. కరిగించాక కనీసం సగం కదలాలి. ఆ సగం ఇంకాస్త పెరిగితే సంతోషమే. అయితే నాలుగు దున్నల వీర్యం ప్లేటు మీద చూడటం వేరు, ఊళ్లలో వందల గేదెలకు వేయించి చూడి పరీక్ష చేయడం వేరు. నేను నమ్మేది రెండోదాన్నే.

అపోహ: మంచి స్ట్రా అయితే ఎలా వేసినా చూడి కడుతుంది.

ఒక ఊళ్లో గేదెలకు కృత్రిమ గర్భధారణ సూది వేసే కుర్రాడు స్ట్రాను క్యాన్‌లోంచి తీసి, అరచేతుల మధ్య రుద్ది వీర్యం వేసే గన్‌లోకి ఎక్కించడం చూశాను.

"వేడినీళ్లు లేవా బాబూ?"

"పొయ్యి ఇంకా వెలిగించలేదంట సార్."

కావాల్సింది 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం, అంతే. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు, ఒక థర్మామీటరు బ్యాగులో పెట్టుకు తిరగమన్నాను. ఆ గేదె 21 రోజులకు తిరిగి పొర్లింది, అంటే చూడి కట్టక మళ్లీ ఎదకొచ్చింది. రైతు నాకే ఫోన్ చేసి, "ఈసారి మునగాకు కలిపింది పంపండి సార్" అన్నాడు.