జలపాతాల ట్రెక్కింగ్, అపోహలు – వాస్తవాలు: పాముల గురించి అడిగేవాళ్లే గానీ మడుగు గురించి అడిగేవాళ్లు లేరు

వానలు మొదలయ్యాయంటే నా ఫోన్ ఊరుకోదు. విశాఖ నుంచి అనంతగిరి, అరకు, జి.మాడుగుల వైపు అడవిలోని జలపాతాలకు చిన్న చిన్న బృందాల్ని తీసుకెళ్లడం నా పని. ఫోన్ చేసినవాళ్ల ప్రశ్నలు ఇంచుమించు ఒకే వరసలో వస్తాయి. పాములుంటాయా? జలగలు పడతాయా? ఎలుగుబంటి వస్తే? తల్లులైతే మరీ పాపం, "బాబూ, మావాణ్ని కాస్త నీ పక్కనే నడిపించు" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, ఎన్నిసార్లు అడిగినా జవాబు చెబుతాను. కానీ "అక్కడ మడుగు ఎలా ఉంటుంది, దిగొచ్చా?" అని ముందుగా అడిగేవాళ్లు అరుదు. తీరా అక్కడికి చేరాక, బ్యాగ్ కింద పడేసి చొక్కా విప్పుతూ చెప్పే మాట మాత్రం ఒకటుంది. నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

అపోహ: "నాకు ఈత వచ్చండీ, ఏం కాదు"

మన వైజాగ్ కుర్రాళ్లు దీనికో తోక కూడా తగిలిస్తారు: "సముద్రం పక్కన పుట్టి పెరిగాం, ఈ గెడ్డ మాకో లెక్కా?" (గెడ్డ అంటే మా వైపు కొండవాగు.) లెక్కే. ఉప్పునీళ్లలో తేలినంత తేలిగ్గా మంచినీళ్లలో తేలం. పైగా జలపాతం కింద ఉండేవి మామూలు మంచినీళ్లు కూడా కావు. పైనుంచి పడే ధార గాలిని కూడా తనతో లోపలికి లాక్కెళుతుంది. తెల్లగా నురగలు కక్కుతూ కనిపించే ఆ చోట నీళ్లలో బుడగలు కలిసి ఉంటాయి. ఆ నీరు ఒంటిని సరిగ్గా మోయదు, చేతులు ఆడించినా పట్టు దొరకదు. ధార కిందకి తొక్కుతుంది. అడుక్కి వెళ్లిన నీరు కాస్త దూరంలో పైకి లేస్తుంది, అందులో కొంత పైపైన మళ్లీ ధార వైపే తిరుగుతుంది. ఒడ్డుకి ఈదుతున్నాననుకునేవాడు ఉన్నచోటే ఉండి అలిసిపోతాడు. స్విమ్మింగ్ పూల్‌లో కప్పులు గెలిచినవాడైనా అంతే.

ఇక లోతు. తేటనీళ్లలో అడుగు ఉన్నదానికంటే పైకి కనిపిస్తుంది. నిటారుగా పైనుంచి చూస్తే అసలు లోతులో ముప్పావు వంతే ఉన్నట్టుంటుంది, ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. దానికి తోడు వరదలప్పుడు గులకరాళ్లు సుడి తిరిగి తిరిగి రాతిని తొలిచేస్తాయి. మోకాలి లోతు బండ మీద నడుస్తూ నడుస్తూ తర్వాతి అడుగు ఆ నిలువు గుంటలో పడుతుంది. అనంతగిరి వైపు ఒక గెడ్డ దగ్గర ఇంజనీరింగ్ కుర్రాడొకడు నాతో వాదనకు దిగాడు, అడుగున ఉన్న గులకరాళ్లు కూడా కనిపిస్తున్నాయి కదా అని. మాతో వచ్చిన ఊరి పెద్దాయన ఏమీ అనకుండా, తన చేతిలోని వెదురు కర్రని ఒడ్డు నుంచి నాలుగడుగుల దూరంలో ముంచాడు. కర్ర దిగింది, మణికట్టు దిగింది, మోచేయి కూడా దిగింది. అడుగు తగల్లేదు. "ఇక్కడ అందదు బాబూ" అని కర్ర పైకి తీసి, నీళ్లు దులిపి, బీడీ వెలిగించుకున్నాడు. ఆ కుర్రాడు చొక్కా తొడుక్కున్నాడు. నేను అరగంట చెప్పినా కాని పని అది.

మునిగేవాళ్లంతా దూకినవాళ్లే అనుకోకండి. సెల్ఫీ కోసం పాచి పట్టిన బండ మీద కాలు పెట్టి జారినవాళ్లకు, ఈతకు దిగే ఉద్దేశమే ఉండదు. మందు తాగి వచ్చేవాళ్ల గురించి నేను మాట్లాడను, వాళ్లని జీపులోంచే దింపను.

దీనికి అతుక్కుని ఇంకో అపోహ ఉంది: మునిగేవాడు కేకలు వేస్తాడని. ఊపిరికే దిక్కులేనివాడు కేక ఎలా వేస్తాడు? చాలాసార్లు చప్పుడు లేకుండానే మునిగిపోతారు, పక్కనున్నవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు. తెలిసిన మరుక్షణం ఫ్రెండు దూకుతాడు, వాడి వెనక ఇంకొకడు. అనంతగిరి మండలంలో సరియా జలపాతం దగ్గర కుర్రాళ్లు మునిగిపోయిన వార్తలు విశాఖలో చాలామంది చదివే ఉంటారు. అలాంటి వార్తల్లో "కాపాడబోయి" అన్న మాట కనిపిస్తే నాకు కడుపులో తిప్పుతుంది. మీరు దూకొద్దు. తాడు విసరండి. లేదా కర్ర అందించండి, రెండు చున్నీలు ముడేసి వదలండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసరండి. మీరు బోర్లా పడుకుని, మీ కాళ్లు ఇంకొకరు పట్టుకున్నాకే చెయ్యి చాచండి. నా బ్యాగ్‌లో తిండి లేకపోయినా తాడు ఉంటుంది.

బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకుని ఊపడం, ఇవి ఇప్పటికీ చేస్తున్నారు. దయచేసి మానండి. మునిగినవాడికి కావలసింది గాలి. కడుపు నొక్కితే లోపలున్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శ్వాస లేకపోతే ముందు నోట్లోకి ఊపిరి ఊదండి, తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, అలా సాయం వచ్చేదాకా ఆపకుండా. ఈలోగా ఒకరు సిగ్నల్ ఉన్న చోటికి పరుగెత్తి 108కి కొట్టాలి. తేరుకుని లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకపోవడం మొదలవ్వచ్చు.

అపోహ: "ఇక్కడ ఎండ కాస్తోంది, వరదేంటి?"

మీకు ఎండ కాస్తోంది, గెడ్డకి కాదు. గెడ్డ పుట్టేది పైన కొండల్లో. అక్కడ గంట సేపు కుండపోత పడితే ఆ నీరంతా మీరు కూర్చున్న చోటికే వస్తుంది, కింద ఒక్క చినుకు పడకపోయినా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆ తర్వాత వాయుగుండాల కాలంలో, ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఉరుముల వానల్లో కూడా ఇది జరుగుతుంది. తేటగా ఉన్న నీళ్లు మట్టిరంగుకి తిరగడం, ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకురావడం, నీటి హోరు పెరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చెప్పులు వెతుక్కోకుండా గట్టెక్కండి. అవతలి ఒడ్డున చిక్కుకుపోతే దాటే ప్రయత్నం చెయ్యకండి, మోకాలి లోతు ప్రవాహం చాలు మనిషిని పడగొట్టడానికి. నీరు తగ్గేదాకా అక్కడే కూర్చోండి. ఆకలేస్తుంది, దోమలు కుడతాయి, అంతే. బయలుదేరే ముందు విశాఖ ఆకాశం చూసి లాభం లేదు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం అల్లూరి జిల్లాకి ఏం చెప్పిందో చూడండి. రీల్‌లో చూసిన జలపాతం జనవరిది కావచ్చు, మీరు వెళ్లేది ఆగస్టులో.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

జలగ వల్ల ప్రాణం పోదు. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతుంది కాబట్టి ఊడిపోయాక కూడా కాసేపు కారుతుంది. గోరుతో పక్కకి నెట్టి, కడిగి, గుడ్డ అదిమి పట్టండి.

పాము కరిస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాలు కదలకుండా కట్టె కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి తేవడమే. పాముని పట్టి తేవాల్సిన పనీ లేదు.

అడవి నీళ్లు మినరల్ వాటర్ కాదు, పైన ఊళ్లున్నాయి, పశువులున్నాయి. మరిగించి తాగండి.

ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే. అయితే మ్యాప్‌లో రెండు కిలోమీటర్లంటే కొండ మీద రెండు కిలోమీటర్లు కాదు. నవంబరు చివర్లో మనకి సాయంత్రం అయిదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, లోయలో ఇంకా ముందే చీకటి పడుతుంది. మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి తిరగాలి, జలపాతం కనిపించినా, కనిపించకపోయినా. ఊరివాళ్లని గైడ్‌గా పెట్టుకుని, వాళ్లడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి.

చివరగా మలేరియా. "ఒక్క రోజుకేం వస్తుంది" అంటారు. రావడానికి ఒక్క కాటు చాలు. దోమ కుట్టిన రోజు ఏమీ తెలియదు, సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో జ్వరం తగులుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. అప్పటికి ట్రిప్ సంగతే మర్చిపోయి ఉంటారు. చలితో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు.